కారణం రాసి సంతకం పెట్టండి

మోకాళ్ళ నొప్పులవాళ్ళకి వైద్యం చేసే క్లినిక్‌ని లిఫ్టు లేని మూడో అంతస్తులో పెట్టినవాళ్ళ మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఆ గురువారం మాత్రం ఆ మెట్లన్నీ పార్సిల్ లేకుండా, ఒట్టి కోపంతో ఎక్కాను.

నాది డెలివరీ పని. మా యాప్ ప్రతి సాయంత్రం మాకు ఒక స్కోరు ఇస్తుంది. ఎందుకు పెరిగిందో చెప్పదు, ఎవరివల్ల తగ్గిందో అసలే చెప్పదు. అందుకని మావాళ్ళు తలా ఒక శాస్త్రం కనిపెట్టారు. ఫోన్‌లో ఛార్జింగ్ సగానికి తగ్గితే స్కోరు పడుతుందని ఒకడు, మెయిన్ రోడ్డు వదిలి సందుల్లోంచి వెళ్తే దానికి ఒళ్ళు మండుతుందని ఇంకొకడు. నా స్కోరు రెండు నెలలుగా పడుతూనే ఉంది. రేపటితో నీ ఐడీ ఆపేస్తున్నామని పొద్దున్నే మెసేజ్ వచ్చింది. ఎందుకని అడిగితే, మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని జవాబు.

నేను ఊరుకునే రకం కాదు. స్కోరు మొదటిసారి పడ్డ రోజే ఒక నోట్‌బుక్ కొన్నాను. వెళ్ళిన ప్రతి గుమ్మం, ఇచ్చిన ప్రతి వస్తువు, టైము, ఆ సాయంత్రం స్కోరు అన్నీ అందులో రాశాను. స్కోరు పదకొండుసార్లు పడింది. ఆ పదకొండు రోజులూ నేను ఈ క్లినిక్‌కి వచ్చాను.

అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇక్కడి ఫిజియోథెరపిస్టు ఎప్పుడూ నవ్వుతూ తలుపు తీసేది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేది. ఆ నవ్వు కోసం నేను నాలుగో అంతస్తయినా ఎక్కేవాణ్ణి. ఇంత నవ్వు నవ్వి వెనక గోతులు తవ్వుతుందా అనుకున్నాను.

ఆమె ఒక పెద్దాయన కాలు ఎత్తి దించుతూ ఉంది. నన్ను చూసి అలవాటుగా నవ్వింది.

"నాకు మార్కులు ఎంత వేస్తున్నారు మేడమ్?" అన్నాను.

"ఒకటి," అంది, ఎంతో గొప్పగా. "ప్రతిసారీ ఒకటే. సున్నా వేద్దామంటే మీ యాప్‌లో లేదు."

నా మొహం చూసి ఏమనుకుందో, గోడమీది చార్టు చూపించింది. వరసగా బొమ్మ మొహాలు. సున్నా దగ్గర నవ్వే మొహం, పది దగ్గర ఏడ్చే మొహం. నొప్పి ఎంతుందని రోజంతా మనుషుల్ని అడగడమే ఆమె పని. ఎవరైనా ఒకటి అన్నారంటే ఆమెకి పండగే. మా యాప్ ఒకటి నుంచి పది దాకా ఎంతిస్తారు అని అడుగుతుంది తప్ప, ఏ చివర మంచిదో చెప్పి చావదు.

అసలు సంగతి చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. వెంటనే ఫోన్ తీసి మార్చబోయింది. ఒకసారి ఇచ్చిన మార్కు మార్చడం కుదరదట. పెద్దాయన కాలు నెమ్మదిగా దించి, ఇక ఇంటికెళ్ళి రెస్టు తీసుకోమని చెప్పింది.

"పదండి, మీ ఆఫీసుకి," అంది నాతో.

బయట వాన. ఉన్న ఒక్క రెయిన్‌కోటూ ఆమెకిచ్చాను. దాని చేతుల్లో ఆమె చేతులు ఎక్కడున్నాయో తెలియలేదు. తడుస్తూ బండి నడుపుతున్నా నాకు హాయిగానే ఉంది. ఉద్యోగం పోయేవాడికి ఇదేం హాయో నాకే అర్థం కాలేదు.

ఆఫీసులో మేనేజర్ మర్యాదస్తుడే. నా నోట్‌బుక్ తీసుకుని పైకే చదివాడు. క్రేప్ బ్యాండేజీ ఒకటి. క్రేప్ బ్యాండేజీ ఒకటి. పదకొండుసార్లూ అంతే. ఎందుకో ఆమె కిటికీలోంచి వానని చూడ్డం మొదలుపెట్టింది. పొరపాటు తనదేనని అప్పటికే కాగితం మీద రాసిచ్చింది. ఆయన మాత్రం తన చేతుల్లో ఏం లేదని, అంతా సిస్టం చూసుకుంటుందని అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి పాపం మంచివాడే, దేవుడే ఎవరో తెలియదు.

ఆమె ఇంకో తెల్లకాగితం ఆయన ముందు పెట్టింది.

"ఇతని పని ఎందుకు ఆపుతున్నారో కారణం రాసి సంతకం పెట్టండి."

"నేను ఆపలేదమ్మా. సిస్టం ఆపింది."

"అయితే సిస్టంనే పెట్టమనండి. కూర్చుంటాం."

కూర్చున్నాం. బయట వాన తగ్గేదాకా ఆగిన మావాళ్ళు నలుగురు సంగతి విని లోపలికొచ్చి, తమ స్కోర్లకీ తలా ఒక కాగితం అడిగారు. మేనేజర్ ఐదు తెల్లకాగితాల వైపు చూశాడు. ఒక్కదానిమీదా సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. పైవాళ్ళకి ఫోన్ చేశాడు, మళ్ళీ చేశాడు. సాయంత్రానికి పైనుంచి ఒక మనిషి, నిజం మనిషి, వచ్చి నోట్‌బుక్ అంతా చూశాడు. నా ఐడీ నిలబడింది. ఇకమీదట ఎవరి పని ఆపినా ఒక మనిషి కారణం రాసి సంతకం పెట్టాలని కూడా ఒప్పుకున్నారు.

ఆదివారం సెలవు. పార్సిల్ లేదు, కోపం లేదు, అయినా మూడంతస్తులు ఎక్కాను. థాంక్స్ చెప్పాలని ఒక వంక దొరికిందిగా.

మంచినీళ్ళ గ్లాసు కోసం ఆమె అలమర తెరిచింది. కింది అరలో క్రేప్ బ్యాండేజీలు వరసగా ఉన్నాయి. లెక్కపెట్టాను. పదకొండు. ఒక్కదానికీ కవరు కూడా విప్పలేదు. నేను చూడటం ఆమె చూసింది. అలమర మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

నేను జేబులోంచి నోట్‌బుక్ తీసి, తెల్లపేజీ ఒకటి చింపి ఆమెకి ఇచ్చాను.

"పదకొండుసార్లు విడివిడిగా ఎందుకు తెప్పించారో కారణం రాసి సంతకం పెట్టండి."

చాలాసేపు రాసింది. అంతసేపు రాసింది చూస్తే ఒక్కటే మాట. 'నువ్వు.' కింద సంతకం, తేదీ.

ఆ కాగితం ఇంటికి తెచ్చి మా అక్కకిచ్చాను. అక్క రెండుసార్లు చదివి, సంబంధం మాట్లాడటానికి ఎప్పుడు వెళ్దామని అడిగింది. మెట్లు చాలా ఉన్నాయక్కా, నీ మోకాళ్ళు నొప్పెడతాయి అన్నాను.

"నొప్పెడితే చూసుకోడానికి పైన మరదలుందిగా," అంది.