భుజాన టీ సీసా

"ఇదేంటిది, గొర్రెపిల్లకి పాలసీసా కట్టినట్టు?"

సంజర్ ఆ మాట అన్నది బెగిమాయ్ బ్యాగు వైపు చూసి. బ్యాగు భుజం పట్టీకి ముందువైపు, గుండెకి కాస్త పైన, ఎర్రటి దళసరి ఉన్నితో కుట్టిన తొడుగు వేలాడుతోంది. అందులో ఒక సీసా, నిండా టీ.

"పాలు కాదండీ, టీ. వేడిగా ఉంది. కావాలంటే అడగండి, వెక్కిరించకండి," అంది బెగిమాయ్.

పరిచయమైన మొదటి నిమిషంలోనే వెక్కిరించిన మనిషి మీద ఆడపిల్లకి ఏం అభిప్రాయం కలుగుతుందో వేరే చెప్పాలా? ఆ అభిప్రాయంతోపాటు అతని కళ్ళు బాగున్నాయని కూడా అనిపించింది. ఆమెకి ఒళ్ళు మండింది అందుకే.

అంతలో, కరకోల్ ఊళ్ళో కొండనడకల ఆఫీసు నడిపే జిర్గల్ ఎజె, అంటే జిర్గల్ అక్క, గుమ్మంలోకి వచ్చి ఇద్దరికీ కలిపి చెప్పేసింది. "బెగిమాయ్, ఈ గుంపుని నువ్వు ముందు నడిచి కనుమ దాటించు. మన పాత గైడు సంజర్ చివర నడుస్తూ నీ పని చూస్తాడు. అందరూ క్షేమంగా అవతలికి దిగితే ఈ వేసవి లీడ్ గైడ్‌వి నువ్వే. లేదంటే బజారుకెళ్ళి మీ పిన్ని కొట్లో బ్యాగులకి జిప్పులు కుట్టుకో."

జిప్పులు కుట్టీ కుట్టీ బెగిమాయ్ వేళ్ళు కాయలు కాశాయి. మళ్ళీ ఆ స్టూలు మీద కూర్చోవడం ఆమెకి ససేమిరా ఇష్టం లేదు.

నడక మొదలైంది. లోయంతా దేవదారు వాసన. గుంపులో అల్మాటీ నుంచి వచ్చిన రౌజా టీచరుంది. రిటైరైనా నోటికి మాత్రం రిటైర్మెంటు ఇవ్వలేదావిడ. మిగతావాళ్ళు ఆవిడ పాత విద్యార్థులు. అందరి సీసాలూ బ్యాగుల్లోపలే ఉన్నాయి. తాగాలంటే ఆగాలి, బ్యాగు దించాలి, తీయాలి, మళ్ళీ ఎత్తుకోవాలి. ఇంత భాగోతం ఎవరు పడతారు? ఎవరూ తాగడం లేదు.

బెగిమాయ్ మాత్రం నడుస్తూనే సీసా తీసి రెండు గుక్కలు తాగి పెట్టేస్తోంది.

"నడుస్తూ తాగితే కాళ్ళు నీరసిస్తాయి. ఆగినప్పుడే తాగాలి, అదీ వేడి టీనే. మా తాత చెప్పేవాడు," అన్నాడు సంజర్ వెనకనుంచి. అతని ఫ్లాస్కు బ్యాగు అడుగున, బట్టల కింద భద్రంగా ఉంది.

"మీ తాతగారు ఈ కనుమ ఎన్నిసార్లు దాటారు?"

"లెక్కే లేదు!"

"నడిచా?"

సంజర్ బ్యాగు పట్టీ సర్దుకున్నాడు. "గుర్రం మీద," అన్నాడు చివరికి.

"తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్నట్టుంది!"

రౌజా టీచరు పడీపడీ నవ్వింది.

సాయంత్రం గుడారాలు వేశారో లేదో వాన అందుకుంది. అందరికీ తలనొప్పి. ఎందుకో బెగిమాయ్‌కి తెలుసు. కూర్చోవడానికి తెచ్చిన పాత ఉన్ని పరుపుని కత్తిరించి, సూదీ దారం తీసి, వాన చప్పుడు వింటూ మనిషికో తొడుగు కుట్టడం మొదలెట్టింది.

"మనం కనుమ దాటుతున్నామా, టైలరింగ్ షాపు తెరుస్తున్నామా?" గుడారంలోకి తల పెట్టి అడిగాడు సంజర్. జుట్టునుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మీ కొలతలు కూడా ఇస్తారా?"

"నాకొద్దు. ఆ పాలసీసాతో నన్ను మావాళ్ళు చూస్తే ఊళ్ళో తలెత్తుకోలేను."

బెగిమాయ్ సూది పక్కన పెట్టింది. పియాలా అనే చిన్న టీ గిన్నె తీసుకుని అతనికి టీ పోసింది. అంచుదాకా, పొర్లిపోయేంత నిండుగా.

"అయ్యయ్యో, నిండా పోసేసింది! తాగేసి దయచెయ్యమంటోంది నాయనా!" అంది రౌజా టీచరు.

సంజర్ ముఖం మాడింది. అక్కడ ఏ ఇంట్లోనైనా కావలసినవాళ్ళకి కొంచెం కొంచెం పోసి మళ్ళీ మళ్ళీ అడిగించుకుంటారు. ఆ టీ తాగేసి వానలోకి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక బెగిమాయ్‌కి సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. ఉన్ని ఇంకా మిగిలింది. కోపంగానే ఇంకో తొడుగు కుట్టింది.

మర్నాడు దారిలోని సరస్సు దాటాక అసలు ఎక్కుడు మొదలైంది. కాలు వేస్తే జారే గులకరాళ్ళు, ముఖం మీద కొట్టే గాలి. అందరి భుజాలకీ తొడుగులున్నాయి, నడుస్తూ గుక్కెడు గుక్కెడు తాగుతున్నారు. టీచరుకి ఆయాసం వస్తే ఆవిడ బ్యాగు కూడా సంజర్ తన ఛాతీకి తగిలించుకున్నాడు. రెండు బ్యాగుల మధ్య ఇరుక్కున్నవాడు ఫ్లాస్కు ఎలా తీస్తాడు? పొద్దున్నుంచి చుక్క తాగలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా అతనికి!

కనుమ కొన ఇంకాస్త దూరముందనగా వెనక రాళ్ళు జారిన చప్పుడైంది. బెగిమాయ్ తిరిగి చూసింది. సంజర్ కూలబడి ఉన్నాడు. పెదవులు తెల్లగా పాలిపోయాయి.

"తల తిరుగుతోంది. మీరు వెళ్ళండి, నేను నెమ్మదిగా వస్తా."

పడమటినుంచి నల్లమబ్బు వస్తోంది. అది కమ్మేస్తే దారి కనబడదు. వెనక్కి తిరిగితే ఉద్యోగం పోతుంది, ఇతన్ని వదిలేస్తే... ఆ ఆలోచన పూర్తికాకుండానే ఆమె జారే రాళ్ళ మీదుగా అతని దగ్గరికి దిగింది. ఇక ఉద్యోగం సంగతి గుర్తే లేదు.

"నోరు మూసుకుని తాగు!" తన సీసా అతని నోటికి పెట్టింది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమెకే తెలియదు.

బెగిమాయ్ టీచరు బ్యాగులోని సామాను విద్యార్థులకి పంచింది. తర్వాత తన బ్యాగులోంచి ఆఖరి తొడుగు తీసి, సంజర్ కుడి పట్టీకి బిగించి, తన టీ సీసానే అందులో పెట్టింది.

"అందరికీ ఎడమవైపు కుట్టావుగా? నాకు కుడివైపెందుకు?"

"నువ్వు ఎడమచేతివాడివి."

"ఎప్పుడు చూశావ్?"

"నువ్వు చూడనప్పుడు. లే!"

కాసేపటికి అతని పెదవులకి రంగొచ్చింది. నాలుగడుగులకోసారి ఆగి గుక్కెడు తాగాడు, మళ్ళీ నడిచాడు. "చెయ్యి ఇటివ్వు," "ఈ రాయి మీద కాదు, దాని మీద," అని ముందునుంచి అందరినీ లాక్కుపోయింది బెగిమాయ్. మబ్బు సరస్సుని మింగేసేసరికి గుంపంతా కనుమ మీద నిలబడింది. రౌజా టీచరు చేతులెత్తి కేకపెట్టింది. అందరూ కేకలేశారు. ఎవరూ చూడ్డం లేదనుకుని బెగిమాయ్ కళ్ళు తుడుచుకుంది. సంజర్ చూశాడు.

ఊరికి తిరిగొచ్చాక జిర్గల్ ఎజె చేతులు కట్టుకుని అడిగింది. "ఏం సంజర్, ఎలా చేసింది?"

సంజర్ తను కూలబడ్డ సంగతి దాచేయచ్చు. చెబితే పరువు పోతుంది. బెగిమాయ్ అతని నోటి వైపే చూసింది.

"అందరినీ దాటించింది ఎజె. నన్ను కూడా. పొద్దున్నుంచి తాగకపోవడం నా తప్పు, కూలబడిపోయాను. ఈమే లేపి తీసుకెళ్ళింది. లీడ్ గైడ్ ఈమే. ఈ వేసవంతా నేను చివర నడుస్తాను."

"నువ్వా? చివరనా? ఇన్నాళ్ళూ ముందు నడిచేవాడివి, అర్థం ఉందా?"

"ఉంది. ముందు నడిస్తే ఈమె కనబడదు." బెగిమాయ్ వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వంటే నాకు ప్రాణం, బెగిమాయ్. దారిలోంచే ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను. నీకిష్టమైతే ఆదివారం మా అమ్మ కమ్మలు తీసుకుని మీ ఇంటికొస్తుంది, నీ చెవులకి పెట్టి నిన్ను మా ఇంటి పిల్లని చేసుకోవడానికి."

జిర్గల్ ఎజె నోరు తెరిచింది, మళ్ళీ మూయడం మరిచిపోయింది.

బెగిమాయ్ అతన్ని తేరిపార చూసింది. "ఆదివారం కుదరదు."

సంజర్ ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"ఆదివారం నా గుంపు బయల్దేరుతుంది. లీడ్ గైడ్‌ని, నేను లేకపోతే ఎలా?" అంది. ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. "శనివారం రమ్మను."