మేడ మీద రెండో కుర్చీ

కొడుకు పోయిన రోజు ఉదయం ఆవిడ అతనితో మాట్లాడలేదు.

భోజనం డబ్బా మూత బిగించి వంటగది గట్టు మీద పెట్టి, వెళ్ళి కుట్టు మిషన్ ముందు కూర్చుంది. "వెళ్ళొస్తానమ్మా" అన్నాడతను గుమ్మంలోంచి. సూదిలోకి దారం ఎక్కించుకుంటూ వినబడనట్టే ఉండిపోయింది.

ముందురోజు అతని ప్యాంటు అంచు కుడదామని తీస్తే, జేబులో గ్లాసు కింద పెట్టే అట్టముక్క దొరికింది. పాతపేటలో మేడ మీదున్న బారు పేరు దాని మీద అచ్చువేసి ఉంది. "ఇంట్లో నీళ్ళు దొరకడం లేదా నీకు? అన్ని మెట్లెక్కి తాగాలా?" అని నిలదీసింది. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకి ఆవిడ కోపం ఇంకా పెరిగింది.

మధ్యాహ్నం పాతపేట సందులో, పని దగ్గరే, గుండె ఆగి పోయాడు. పాత కట్టడాలకు రాత్రిపూట వెలుగు పడేలా దీపాలు అమర్చడం అతని పని. కోడలు కళ్ళజోళ్ళ దుకాణం నుంచి నేరుగా ఆసుపత్రికి పరుగెత్తింది. ఆవిడ చేరేసరికి అంతా అయిపోయింది. ఎవరో భోజనం డబ్బా తెచ్చి చేతికిచ్చారు. బరువు తగ్గలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఇద్దరే మిగిలారు. కోడలు పొద్దున్నే దుకాణానికి వెళ్ళేది. ఆవిడ ఊళ్ళోవాళ్ళ బట్టలు బిగువు చేస్తూ, వదులు చేస్తూ కూర్చునేది. సాయంత్రం "తిన్నావా", "తిన్నాను అత్తయ్యా" అనుకునేవారు. అతని మాట ఎత్తితే ఏమవుతుందోనని ఇద్దరికీ భయం. ఎత్తకపోవడం అలవాటైపోయింది.

వర్షాలు వెళ్ళాక, ఒక శనివారం ఉదయం, ఆవిడ టీ గ్లాసు కోడలి ముందు పెట్టి అక్కడే నిలబడింది.

"నిన్న ఆలస్యమైందేం అమ్మాయ్?"

"చెప్పాగా అత్తయ్యా, కొట్లో పని."

"కొట్టు చీకటి పడకముందే కట్టేశారట. నువ్వా బారు మెట్లెక్కుతుంటే పక్కింటావిడ చూసింది. ఆవిడకి కళ్ళజోడు నువ్వేగా ఇచ్చావు! బాగానే కుదిరినట్టుంది."

కోడలు గ్లాసు ముట్టుకోలేదు. "అవును. వెళ్ళాను. వారం వారం వెళ్తున్నాను."

"వారం వారమా!" ఆవిడ గోడ పట్టుకుంది. "వాణ్ణి పొట్టన పెట్టుకున్నది చాలలేదా ఆ చోటు? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ మన గుమ్మం తొక్కి ఎన్నాళ్ళైంది అత్తయ్యా?"

"మాటకి మాట! ఇన్నాళ్ళూ నోట్లో నాలుక లేదనుకున్నాను. ఇంకోసారి అక్కడికి వెళ్తే మళ్ళీ ఇటు రాకు. మీ అన్నయ్య ఇల్లు ఉంది కదా!"

కోడలు లేచింది. గదిలోకి వెళ్ళి మంచం కింద నుంచి పెట్టె లాగిన చప్పుడు వినిపించింది. బట్టలు మడిచే చప్పుడు వినిపించలేదు గానీ, ఆవిడకి వినబడుతున్నట్టే ఉంది. కాసేపటికి కోడలు బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకున్న గుర్తులున్నాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"వెళ్తాను. కానీ ఒక్కసారి నాతో అక్కడికి రండి. మీ కళ్ళతో చూసి, అప్పుడు పొమ్మనండి."

"నేనా? బారుకా? ఈ వయసులో ఆ ముచ్చటొకటా!"

"అది మీ అబ్బాయి పనిచేసిన చోటు అత్తయ్యా."

కోడలు దుకాణానికి వెళ్ళిపోయింది. ఆవిడ మిషన్ ముందు కూర్చుని ఒక చొక్కా చేయి తలకిందులుగా అతికించింది. విప్పి మళ్ళీ కుట్టింది, మళ్ళీ తలకిందులే వచ్చింది. గదిలో తెరిచి ఉన్న పెట్టె కుర్చీలోంచి కనిపిస్తూనే ఉంది. రేపటి నుంచి "తిన్నావా" అని అడగడానికి కూడా ఇంట్లో ఎవరూ ఉండరు. ఆ ఆలోచన వచ్చాక ఆవిడ మిషన్ మీద గుడ్డ కప్పేసింది.

సాయంత్రం కోడలు వచ్చేసరికి ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, తాళం చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉంది.

"పద. తొందరగా వచ్చెయ్యాలి" అంది.

పాతపేట సందులు ఇరుకు. రాతి గోడల నుంచి పగటి వేడి ఇంకా వస్తోంది. మూడంతస్తుల మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆవిడ ఒక చేయి గోడకి, ఒక చేయి కోడలి భుజానికి ఆనించి ఎక్కింది. మలుపు మలుపుకీ ఆగి, "ఇక్కడికొచ్చి తాగేవాళ్ళకి మోకాళ్ళు గట్టివే" అంది. ఉదయం నుంచి కోడలు మొదటిసారి నవ్వింది.

పైన కుర్రకారు గుంపులు గుంపులుగా కూర్చుని నవ్వుకుంటున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకావిడ పెద్దావిడ, రావడం ఎవరూ పట్టించుకోలేదు. పిట్టగోడ పక్కన రెండు కుర్చీల చిన్న బల్ల దగ్గర కోడలు కూర్చుంది. రోజూ కూర్చునే దానిలాగే కూర్చుంది.

నడివయసు వెయిటర్ నిమ్మరసం తెచ్చాడు. "ఈరోజు తోడు వచ్చారే, మేడం!"

"మా అత్తయ్య."

అతను తడబడ్డాడు. పళ్ళెం చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు. "సార్ ఇక్కడే కూర్చునేవారమ్మా. ఫోన్లో కిందున్న మనిషికి చెప్పేవారు, ఆ లైటు దించు, ఈ లైటు తిప్పు అని. కింద నిలబడితే ఒక్క గోడే కనిపిస్తుందట. అన్నీ కలిసి ఎలా ఉన్నాయో ఇక్కడి నుంచే తెలుస్తుందట."

ఆవిడ గ్లాసు వైపు చూసింది. "తాగేవాడా?"

వెయిటర్ కోడలి వైపు చూశాడు. కోడలే చెప్పింది. "తాగేవారు అత్తయ్యా. పని అయ్యాక ఒక బీరు. నన్నూ రమ్మనేవారు, ఒక్కసారి వచ్చి చూడమని. మీరేమంటారోనని నేను రాలేదు. ఈ కుర్చీ ఖాళీగానే ఉండేదట."

"మరి నాకెందుకు చెప్పలేదు వాడు, పని మీద వెళ్తున్నానని?"

"మీరు అడగలేదు అత్తయ్యా. తిట్టారు."

ఆవిడ తల ఊపింది. కోపం రాలేదు.

"మెట్లకి పట్టుకునే కమ్మీ వేయించమని మా యజమానిని అడిగారమ్మా సార్" అన్నాడు వెయిటర్, వెళ్ళబోతూ ఆగి. "మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ఎక్కలేరు కదయ్యా, అన్నారు. అలాంటివాళ్ళు మా బారుకెందుకొస్తారు సార్ అని మేం నవ్వాం."

అతను వెళ్ళిపోయాడు. ఆవిడ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదిలాయి. కోడలు తన కుర్చీ పక్కకి జరిపి ఆవిడ చేయి పట్టుకుంది. పక్క బల్ల దగ్గర ఎవరిదో పుట్టినరోజు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు దీపాలు వెలిగాయి. గడియారపు బురుజు, దాని వెనుక కమానులు, పాత గ్రంథాలయం నిలువు స్తంభాలు ఒకదాని తర్వాత ఒకటి చీకట్లోంచి బయటికొచ్చాయి. వెలుగు ఎక్కడా కళ్ళలో గుచ్చుకోవడం లేదు. రాయి తనంతట తానే లోపలి నుంచి వెలుగుతున్నట్టుంది.

"ఇదంతా వాడేనా?"

"ఆయనే."

"ఇంత పని చేసి, ఒక్క మాట అనలేదు చూడు, వెధవ" అంది ఆవిడ. అతను పోయాక ఆ గొంతులో అతని మీద ముద్దు వినిపించడం అదే మొదలు. ముక్కు చీది, "ఇంటికెళ్ళాక ఆ పెట్టె మంచం కిందికి తొయ్యి. నా కళ్ళబడకూడదు" అంది.

"సరే అత్తయ్యా."

"వచ్చేవారం వస్తే చెప్పి రా. నేనూ వస్తాను."

ఆవిడ మళ్ళీ దీపాల వైపు తిరిగింది. కుట్టు వంకరపోతే గుడ్డని కాస్త దూరంగా పట్టి చూసే అలవాటు ఆవిడది. అలాగే కళ్ళు చిట్లించి చూసింది.

"ఆ గ్రంథాలయం చివరి దీపం ఒక్కటీ తప్పు పడింది. గోడ మీద కాకుండా ఆకాశంలోకి పోతోంది."

"అవునత్తయ్యా. ఆ రోజు అది సరిచేయడానికే వెళ్ళారు."

ఆ దీపాన్ని ఇంకా ఎవరూ సరిచేయలేదు.