వెలగని తెర మీద పేరు

ఆ రోజు డుంబ్రిగుడ కొండల మీద మంచు ఎంత దట్టంగా దిగిందంటే, కొడవలితో కోసి మోపులు కట్టి సంతలో అమ్ముకోవచ్చు. మధ్యాహ్నం మూడింటికే రాత్రయిందనుకుని కోళ్లు గూళ్లలో దూరిపోయాయి. కాఫీ రైతుల సంఘం గదిలో కృపావతి ఒక్కతే మానిటర్ ముందు కూర్చుని ఉంది. మానిటర్ కాటుకలా నల్లగా ఉంది.

చనిపోయిన తండ్రి సోమన్నకు రెండెకరాల కాఫీ తోట ఉంది. అది కూతురి పేరుకు మారాలంటే సాయంత్రం ఐదింటిలోగా దరఖాస్తు వెళ్లాలి. అదే ఆఖరి రోజు. పంపవలసింది సంఘంలో కంప్యూటర్ నడిపే ఆవిడ. కృపావతికి నేస్తం.

నేస్తమంటే ఉత్త స్నేహితురాలు కాదు. పదేళ్ల కిందట ఊరందరి ఎదుటా పువ్వులు మార్చుకుని, ఒకే ఆకులో అన్నం తిని కట్టుకున్న నేస్తం. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. పలికితే కట్టు తెగిపోతుంది. ఆవిడ పేరు సోని అని కొండకు తెలుసు, కొండ మీద కోతికి తెలుసు. కృపావతి నాలుకకే తెలియదు.

ముందు రాత్రి సర్వర్ మొరాయించి దరఖాస్తు వెళ్లలేదట. తెల్లారేసరికి మానిటర్ చచ్చిందట. "దాన్ని ముట్టుకోకు నేస్తం. అరకెళ్లి కొత్తది తెత్తాను. నాలుగింటికల్లా వచ్చి నేనే పంపుతాను," అని పొద్దున్నే సోని, డ్రైవరు గాసి జీపెక్కింది.

నాలుగు దాటిపోయింది. కృపావతి ఫోన్ చేసింది. ఎంతసేపటికో సోని ఎత్తింది. వెనకాల నీళ్ల హోరు.

"ఎక్కడున్నావు నేస్తం?"

"దారిలో..."

"ఇక్కడ పచ్చ లైటు వెలుగుతోంది, బొమ్మ రావట్లేదు. కేబుల్ పీకి మళ్లీ పెట్టాను."

"ఏటి సేత్తన్నావు? ముట్టుకోవద్దన్నానా?"

"ముట్టుకుంటే కరుస్తదేటి? మిక్సీ బాగుచేసినదాన్ని నేను."

"బాగానే సేసావు. ఆనాటి నుంచి అది పచ్చడి గోడకే రుబ్బుతంది. బేగి ఇంటికెళ్లిపో."

కృపావతికి నవ్వొచ్చింది. నవ్వుతూనే మానిటర్ వెనక్కి తిప్పింది. రెండు స్క్రూలు లేవు. ఉన్నవాటి చుట్టూ కొత్త గీతలు.

స్క్రూడ్రైవర్ ఉండేది సోని సొరుగులోనే.

నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నేర్చుకున్న శిక్షణలో మాట గుర్తొచ్చింది. తెర వెనక లైటు పోయినా బొమ్మ పోదు, చీకట్లో అలాగే ఉంటుంది, టార్చి ఏటవాలుగా వేస్తే కనబడుతుంది. ఈ లైటు దానంతటది పోలేదు. ఎవరో విప్పి, వైరు తెంపారు.

టార్చి వేసింది.

నీటి అడుగున చీమల్లా అక్షరాలు తేలాయి. తండ్రి పేరు. తోట సర్వే నంబరు. కొత్త హక్కుదారు... సోని. కింద, "నా ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను" అని ఒక వాక్యం. దాని పక్కన వేలిముద్ర.

తనదే. పోయిన వారం రేషన్ కార్డుకని సోనీయే వేయించింది. వేసిన తర్వాత ఆ వేలిని తన చెంగుతో తుడిచింది కూడా, పసిపిల్ల మూతి తుడిచినట్టు.

"నేస్తం... ఇందులో నీ పేరుందేటి?"

నీళ్ల హోరు.

"కృపావతీ."

మెల్లగా, చెవిలో నోరు పెట్టి పిలిచినట్టు. పదేళ్లలో మొదటిసారి.

తెర మీద బాణం కదిలింది.

మౌస్ బల్ల చివరన ఉంది. దాని మీద ఎవరి చెయ్యీ లేదు. బాణం నత్తలా పాకుతోంది... 'పంపు' అన్న గడి వైపు. కృపావతి వంగి ప్లగ్గు పీకేసింది. ఫ్యాను చప్పుడు ఆగింది. పచ్చ లైటు ఆరిపోయింది. టార్చి మళ్లీ వేసింది.

అక్షరాలు ఉన్నాయి. బాణం పాకుతోంది.

టక్.

'మీ దరఖాస్తు అందింది. సమయం 4:59.'

చెవి దగ్గరున్న ఫోన్ మోగింది. అదెలా మోగిందో ఆమెకు తెలియదు. గాసి ఏడుస్తున్నాడు.

"అక్కా, నాకిప్పుడే తెలివొచ్చింది. పొద్దున్న పదింటికి జీపు గెడ్డలో పడిపోయింది. మీ నేస్తం నీళ్ల కిందే ఉండిపోయింది. ఇప్పుడే తీసారు... సేతిలో ఫోనుంది. పిడికిలి ఎవరికీ విప్పడానికి రావట్లేదు."

బతికున్నవాళ్లు తోట కాజేస్తే సంతలో నిలబెట్టి కడిగేయొచ్చు. చచ్చిపోయి కూడా పని పూర్తి చేసుకున్నదాన్ని ఎక్కడ నిలబెడతారు?

నెల తర్వాత కృపావతి ఫిర్యాదు పట్టుకుని రెవెన్యూ ఆఫీసుకెళ్లింది. గుమాస్తా వివరాలన్నీ కంప్యూటర్‌లో టైపు కొట్టాడు.

"మోసం చేసినామె పేరు?"

"పలకకూడదు బాబూ. నా నేస్తం."

"పేరు లేకపోతే ఫిర్యాదు లేదమ్మా. తోట కావాలా, వద్దా?"

కృపావతి తండ్రి నాటిన మొక్కలను తలచుకుంది. అయినా తెగిన కట్టే కదా అనుకుంది.

"సోని," అంది.

మానిటర్ నల్లబడింది. గదిలో గెడ్డ నాచు వాసన.

"పచ్చ లైటుందే... కేబుల్ లూజయ్యిందేమో," అంటూ అతను బల్ల కిందకి వంగి రెండు చేతులతో వైర్లు తడిమాడు. "టార్చి ఉందా అమ్మా?"

ఆమె సంచిలో టార్చి ఉంది. వేస్తే ఆ తెర మీద ఏం పాకుతూ కనబడుతుందో ఆమెకు తెలుసు.

"లేదు బాబూ," అంది.

బల్ల మీద మౌస్ టక్కుమంది.