వియ్యపురాలి ఊరు

"చెన్నైలో మీది ఏ ఏరియా అండీ?" అని పాస్టరమ్మగారు సెల్వరాణిని ఇంగ్లీషులో అడిగేసరికి వసంతకుమారి బిర్యానీ తినడం ఆపేసింది.

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళోని తెలుగు చర్చి హాల్లో ఆమె కూతురు పర్సిస్ పెళ్లి ప్రధానం విందు అది. కాబోయే అల్లుడు ఎవాన్ తల్లి సెల్వరాణిని "చెన్నై వాళ్ళు" అని అందరికీ పరిచయం చేసింది వసంతకుమారే. నిజానికి ఆవిడది శ్రీలంకలోని జాఫ్నా. తమిళులకు ప్రత్యేక దేశం కావాలని తుపాకీ పట్టిన ఆవిడ తమ్ముడు యుద్ధంలో పోయాడు. ఆ సంగతి తెలిస్తే నలుగురూ ఏమంటారో... టెర్రరిస్టుల ఇంటికి పిల్లనిచ్చారు అనరూ?

సెల్వరాణి ఒక్క క్షణం వియ్యపురాలి ముఖంలోకి చూసింది. "తాంబరం," అంది మెల్లగా.

కార్‌లో పర్సిస్ ఏడుపు ఆపుకోలేకపోయింది. "మమ్మీ, ఆంటీ నీ కోసం అబద్ధం చెప్పింది. ఎవాన్ ఫేస్ చూడలేకపోయాను."

వసంతకుమారి మర్నాడు ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ సెల్వరాణి ఇంటికి వెళ్ళింది.

"రండి వదినా," అంది సెల్వరాణి. పర్సిస్ నేర్పిన ఆ రెండు ముక్కలే ఆవిడకు వచ్చిన తెలుగు. మిగతాదంతా ఇంగ్లీషులోనే చెప్పింది. "ఊళ్ళో సైనికులు ఆపి అడిగితే నాకు తమ్ముడే లేడన్నాను. అది ప్రాణభయం. ఇక్కడికొచ్చాక ఆ మాట మళ్ళీ అనకూడదనుకున్నాను. వాడి దారి మంచిదని నేననను. వాడితో ఉన్నవాళ్ళ చేతుల్లోనూ అమాయకులు చచ్చిపోయారు. కానీ వాడు నా తమ్ముడు... నిన్న మీ పరువు పోకూడదని నా ఊరినే కాదనుకున్నాను."

ఈవిడ నాలుగు తిట్టినా బాగుండేది... వసంతకుమారికి తలెత్తే ధైర్యం లేకపోయింది. కన్నీళ్ళు చీర మీద పడుతున్నా తుడుచుకోలేదు. "నన్ను క్షమించండి వదినగారూ. మీరు సరేనంటే ఆదివారం అందరి ముందూ నిజం చెప్తాను."

సెల్వరాణి టిష్యూ డబ్బా ఆమె ముందుకు జరిపింది. "చెప్పండి," అంది.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో వసంతకుమారి మైకు అందుకుంది. "మా వియ్యపురాలిది జాఫ్నా. ఆవిడ తమ్ముడు ప్రత్యేక దేశం కోసం పోరాడి చనిపోయాడు. నేను సిగ్గుపడి మీకు అబద్ధం చెప్పాను. నా కోసం ఆవిడ చేత కూడా చెప్పించాను."

ముందు వరుసలో ఎవరో గుసగుసలాడారు. పాస్టర్‌గారు లేచారు. "ఆ అబ్బాయి పేరు చెప్పమ్మా. కుటుంబం ఆదరణ కోసం ప్రార్థన చేద్దాం."

వసంతకుమారి వెనక వరుస వైపు చూసింది. ఇన్ని నెలల్లో ఆ పేరు తను అడగనేలేదు.

వెనక వరుసలో పర్సిస్ చెవిలో ఇంగ్లీషులో చెబుతుంటే వింటున్న సెల్వరాణి లేచి నిలబడింది. "అరుళ్‌నేశన్," అంది. ఆ మాట హాలంతటికీ వినిపించింది.

వసంతకుమారి తల దించుకునే ఉండి, ఆ పేరును మైకులో మళ్ళీ పలికింది.