పరగడుపు రక్తం

మెట్లు... మూడేసి మెట్లు ఒక్క దూకులో!

హిమేనా పరుగెడుతోంది. ఛాతీకి అదుముకున్న ఐస్ బాక్సు. అందులో ఒకే ఒక్క ట్యూబు. వేలెడంత కూడా లేదు.

దాని కోసమే వెనక బూట్ల చప్పుడు!

మోంటెవీడియో నగరం ఇంకా నిద్ర లేవలేదు. పరగడుపున రక్తం ఇచ్చే పేషెంట్లు గంటలో క్లినిక్ ముందు లైను కడతారు. ఆలోపు బయటపడాలి.

బేస్‌మెంట్... పార్కింగ్... గేటు!

తాళం వేసి ఉంది.

"చచ్చాను దేవుడా!"

"ఎక్కడికే పరుగు?"

డాక్టర్ ఆర్తోలా. కుడి చేతిలో పిస్టల్. ఎడమ చంకలో థర్మాస్. ప్రాణం తీయడానికి వస్తూ కూడా మాతే ఆకు కషాయానికి వేడినీళ్లు మరిచిపోలేదు మహానుభావుడు! ఆ ఊళ్లో ఎవరూ మరిచిపోరు లెండి.

"ట్యూబు ఇటివ్వు. నువ్విక్కడ రక్తం తీసే పిల్లవి. నీకెందుకివన్నీ?"

ఎందుకా?

మిల్టన్ ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. ఒళ్లంతా సోరియాసిస్. మండుటెండలోనూ నిండు చేతుల చొక్కా. ఆర్తోలా నడిపే కొత్త మందు ట్రయల్ అంటే ఎగిరి గంతేశాడు. చర్మంలో మంట రేపే ఎంజైమును ఆ మందు ఆపేస్తుంది. కానీ రక్తంలో ఒక రకం కొవ్వు ఎక్కువున్నవాళ్లకి ఇస్తే లివర్ పోతుంది. అందుకే ముందు రక్తపరీక్ష. మిల్టన్ రిపోర్టు నార్మల్ అని వచ్చింది.

ఇరవై రోజుల్లో పసుపు ముద్దలా అయి చచ్చిపోయాడు!

"నీ తమ్ముడి రక్తంలో ఏ దోషమూ లేదు హిమేనా. వాడి ఖర్మ."

"దోషం లేదు డాక్టర్ గారూ. ఎందుకంటే అది వాడి రక్తం కాదు!"

ఆర్తోలా కనురెప్ప అదురుతుంది.

"వాడి పేరున్న ఈ ట్యూబు ఫ్రీజర్లోంచి తీసి, కాస్త రక్తం మెషీన్‌లో పెట్టాను. రక్తంలో ఏమేమున్నాయో అన్నీ చెప్పేసింది. నిండా మాతే! మిల్టన్ పెదాలు పగిలి నెత్తురు కారేవి. మాతే పీల్చే వేడి గొట్టం నోట్లో పెట్టలేక ఐదేళ్లుగా దాన్ని ముట్టలేదు. వీధి వీధంతా వాణ్ని వెక్కిరించేది!"

ఆమె ఒక అడుగు ముందుకేస్తుంది.

"వాడి ట్యూబు పారేసి నీ రక్తం పెట్టావు. పరగడుపే... తిండి మానేశావు. మాతే మాత్రం తాగావు. అదో లెక్కా అనుకున్నావు కదూ?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"ఇంకొక్కడు తగ్గితే ట్రయల్ రద్దయ్యేది. పదేళ్ల శ్రమ! ఒక్కడి కోసం ఆపమంటావా?"

ఒక్కడు! ఆమె ఒళ్లు భగ్గుమంటుంది.

ఆర్తోలా నవ్వుతాడు. "అయినా అది నాదని ఎలా తేలుస్తావ్? ఈ దేశంలో మాతే తాగనివాడెవడు? నా రక్తం ఇస్తేగా పోల్చేది! చచ్చినా ఇవ్వను. బాక్సు కింద పెట్టు."

పెడుతుంది... మెల్లగా...

అతను వంగుతాడు.

అంతే! థర్మాస్ లాగేస్తుంది. మూత సరిగా బిగించలేదు. పొగలు కక్కే నీళ్లు పిస్టల్ చేతి మీద!

"అమ్మా!"

పిస్టల్ జారింది. ఇప్పుడది హిమేనా చేతిలో!

"వద్దు... నాకు పిల్లలున్నారు..."

"వాడికి నేనున్నాను."

ఢాం!

ఆర్తోలా కుప్పకూలాడు. తొడలోంచి నెత్తురు. రెండో గుండు కోసం కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

అది రాలేదు.

హిమేనా మోకాళ్ల మీద కూర్చుంటుంది. జేబులోంచి రబ్బరు పట్టీ తీసి, గాయం పైన బిగించి కడుతుంది. నెత్తురు నెమ్మదించింది. ఇంకో జేబులోంచి ఖాళీ ట్యూబు తీసి గాయం కింద పట్టింది.

"ఏం... ఏం చేస్తున్నావే?"

"చావనిస్తాననుకున్నావా? చస్తే కోర్టు బోనులో ఎవడు నిలబడతాడు?"

ట్యూబు నిండింది. మూత బిగించి, పెన్ను తీసి, చీటీ మీద అతని పేరు రాసింది.