ఆపరేటర్ తప్పు లేదు

"నేను సంతకం పెట్ట," అంది హిమజ.

రమణబాబు సర్వీస్ రిపోర్టుని మళ్ళీ ఆమె కీబోర్డు పక్కకి జరిపాడు. అది 2007 జూలై. సీతాఫల్‌మండిలో హిమజ టైపు చేసే జకర్యా గారి డీటీపీ సెంటర్‌లో, రమణబాబు రాసిన తెలుగు ఎడిటర్ సాఫ్ట్‌వేర్ పెట్టి మూడు వారాలైంది. కంప్లైంట్ వస్తే వెళ్ళి చూడాలి, కాగితం మీద సంతకం తేవాలి. సంతకం లేకపోతే కంపెనీలో ఆ పని జరిగినట్టే కాదు.

"అందులో ఏటుందండీ, పెట్టడానికి?"

"మీరే చదవండి. 'ఆపరేటర్ తప్పు' అని రాసిండ్రు. నేనేం తప్పు జేసిన?"

"తెలుగు లేఅవుట్‌లో ఉండగా షార్ట్‌కట్లు పనిచెయ్యవండీ. ముందు కీబోర్డు ఇంగ్లీషుకి మార్చాలి, సేవ్‌కి కంట్రోల్ ఎస్ కొట్టాలి, మళ్ళీ తెలుగుకి రావాలి. మీరు మారడం మరిచిపోతన్నారు."

"సేవ్‌కు మారాలె, కాపీకి మారాలె, పేస్టుకు మారాలె. గడప దాటినప్పుడల్లా చెప్పులు మార్చుకోమన్నట్టుంది మీ కథ! మీరు సుత గిట్లనే కొడ్తరా?"

రమణబాబు గొంతు తగ్గించాడు. "నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొడతానండీ. అవే తెలుగైపోతాయి."

"అంటే మీరు వండిన కూర మీరే తినలే."

పక్క కంప్యూటర్ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. రమణబాబు చెవులు ఎర్రబడ్డాయి. పాపం, అతనికి అప్పుడు కోపమే వచ్చింది. ఆ కోపంలోనే రిపోర్టు రెండో కాపీ తీసుకెళ్ళి జకర్యా గారి బల్ల మీద పెట్టేశాడు.

జకర్యా గారు కళ్ళజోడు సవరించుకుని చదివి హిమజని పిలిచారు.

"అమ్మా, మిషిన్ మంచిగనే ఉందట. రోజుకు ముప్పై పేజీలు కొట్టేదానివి, పద్దెనిమిదికి దిగినవ్. పుస్తకాలోళ్ళు ఆగరు. ఈ నెలాఖరు దాంక చూస్త. తర్వాత పని బయటికిస్త, ఏమనుకోకు."

హిమజ తలూపి వచ్చి కూర్చుంది. కళ్ళు నిండాయి, కానీ వేళ్ళు ఆగలేదు. రమణబాబు అది చూశాడు. రెండు ముక్కలు రాసి పడేశాడు, ఆ రెండు ముక్కలకీ ఒకమ్మాయి ఉద్యోగం పోబోతోంది. వెళ్ళిపోవాల్సినవాడు స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇంకేందీ?" అంది ఆమె, తల తిప్పకుండా.

"చూస్తానండీ, ఒక గంట."

బయట వాన మొదలైంది. రిపోర్టు వెనక ఒక్కో గీతా గీస్తూ లెక్కపెట్టాడు. గంటలో తొంభై రెండుసార్లు లేఅవుట్ మార్చింది హిమజ. మధ్యలో ఆమె నుదుటి మీద పడ్డ జుట్టుని ముంజేత్తో తోసుకున్నప్పుడు రెండుసార్లు లెక్క తప్పాడు. ఆ తప్పు మాత్రం ఎడిటర్‌ది కాదు.

సంగతి అప్పటికి బోధపడింది. ఎడిటర్ 'ఎస్' అక్షరం కోసం కాచుకుని కూర్చుంటే, తెలుగు లేఅవుట్‌లో అదే మీట నుంచి ఏత్వం వస్తోంది. ఇదెవరో నాకు తెలీదని ఎడిటర్ ఊరుకుంటోంది. వచ్చింది ఏ అక్షరం అని కాదు, నొక్కింది ఏ మీట అని చూడాలి. ఇంతే! తెలుగు ఎడిటర్ రాసిన తెలుగువాడికి ఆ మాత్రం తట్టలేదు.

రెండ్రోజుల తర్వాత సరిచేసి తెచ్చాడు. సేవ్ అయింది. హిమజ ముఖం వికసించింది. ఒక పేరా ఎంచుకుని కాపీ కొట్టింది. పేరా మొత్తం మాయమై, దాని చోట 'మ' ఒక్కటే మిగిలింది.

"అయ్యో, నా పేరా!"

"కాపీ అయిందండీ, కాకపోతే సీ మీట మీదున్న 'మ' కూడా పడిపోయింది. రేపు తెస్తాను."

"గిట్లయితే పుస్తకమంతా మ, మ, మ అనే ఉంటది," అని నవ్వేసింది. తిడుతుందనుకున్నవాడు ఆ నవ్వు చూసి, అల్వాల్‌లో తన ఇంటికెళ్ళే బస్సు బదులు ఇంకేదో బస్సెక్కి తార్నాకలో దిగాడు.

మర్నాడు అన్నీ పనిచేశాయి. సేవ్, కాపీ, పేస్ట్, అండూ, ఒక్కసారి కూడా ఇంగ్లీషుకి మారకుండా. ఆ సాయంత్రానికి హిమజ కొట్టినవి ముప్పై నాలుగు పేజీలు. జకర్యా గారు స్వయంగా ఇరానీ చాయ్ తెప్పించి, "పని యాడికీ పోదు బిడ్డా," అన్నారు.

"శాన థాంక్స్ సార్," అంది హిమజ. "నౌకరీ నిలబెట్టిండ్రు."

"తీసెయ్యబోయిందీ నేనే కదండీ. థాంక్స్ నేను చెప్పాలి. నా పనిని ఇంత శ్రద్ధగా తిట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు."

కొత్త రిపోర్టు రాసిచ్చాడు: 'ఆపరేటర్ తప్పు లేదు. తప్పు ప్రోగ్రాంది. అది రాసినవాడు రమణబాబు.'

హిమజ రెండుసార్లు చదివింది. "గిట్ల రాస్తే మీకు తక్లీఫ్ కాదా?"

"అయితే అవుద్దండీ."

ఆమె సంతకం పెట్టింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే రమణబాబుకి సంతోషం పోయి దిగులు పట్టుకుంది. ఇంక ఇక్కడికి ఏ వంక పెట్టుకుని రావాలి? రెండ్రోజులు ఆగి, వంకేమీ లేకుండానే వచ్చాడు. మర్నాడూ, ఆ మర్నాడూ వచ్చాడు.

"ఇయ్యాల కంప్లైంట్ ఇయ్యలే గద సార్?"

"ఇటేపు పనుండి వచ్చానండీ."

"అల్వాల్ల ఉండేటోళ్ళకు సీతాఫల్‌మండిల రోజూ ఏం పనుంటదో!" అంటూనే తన టిఫిన్ డబ్బా మూత తీసి సగం సర్వపిండి ఇచ్చింది.

తక్లీఫ్ ఆ మరుసటి వారం వచ్చింది. ఆర్పీ రోడ్డులో ఉన్న కంపెనీ ఆఫీసులో మేనేజర్ కాంతమణి ఆ రిపోర్టుని బల్ల మీద పరిచి కూర్చుంది.

"తప్పు మనదని కస్టమర్‌కి రాసిచ్చేస్తారటయ్యా? పైవాళ్ళు నన్ను తినేస్తున్నారు. రేపట్నుంచి నువ్వు తెలుగు ఎడిటర్ చూడక్కర్లేదు."

రమణబాబు ఎదుటి కుర్చీలో తలొంచుకున్నాడు. అంతలో తలుపు దగ్గర తడిసిన గొడుగు ముడుస్తూ హిమజ కనిపించింది. అతన్ని మెచ్చుకుందామని జకర్యా గారు పొద్దున ఫోన్ చేస్తే, ఇవాళ అతన్ని ఆ పనిలోంచి తప్పించబోతున్నారని రిసెప్షన్ అమ్మాయి చెప్పేసిందట. అందుకని హిమజ ఆయన చెప్పిన ఉత్తరం టైపు చేసుకుని వానలో పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, మా సారు ఇంకో బ్రాంచి తెరుస్తుండు. ఆడ సుత ఇదే ఎడిటర్ కావాలంటుండు. సర్వీసుకు మాత్రం ఈయనే రావాలె."

కాంతమణి ఉత్తరం చదివింది. "ఈయనే రావాలని మీ సారన్నారా, నువ్వు కలిపావా?"

"టైప్ జేసింది నేనే మేడమ్, చెప్పింది సారు." హిమజ ఊపిరి తీసుకుంది. "తప్పు జేసి తప్పించుకునేటోళ్ళను మస్తుమందిని చూసిన. తప్పు నాది అని పేరు రాసిచ్చినోళ్ళను గీయన్నొక్కన్నే చూసిన. గీయన తప్పు దిద్దబట్టే నేనియ్యాల పనిల ఉన్న. జెర ఆలోచించుండ్రి."

కాంతమణి ఆమె తడిసిన చున్నీని చూసింది, తలొంచుకుని మురిసిపోతున్న రమణబాబుని చూసింది. రిపోర్టు తీసి సొరుగులో పడేసి, "సరే, నువ్వే చూడు. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాలే," అంది. తర్వాత హిమజ వైపు తిరిగింది.

"ఇంత వానలో వచ్చావు. ఇతను నీకేమవుతాడమ్మా?"

"ఇంకా ఏం కాలే మేడమ్," అంది హిమజ నేల చూస్తూ. "ఆదివారం ఈయన్ను తోలుకరమ్మన్నది మా అమ్మ. చూసినంక చెప్తనన్నది."

ఆ ఆదివారం సంగతి రమణబాబు వినడం అదే మొదలు. కుర్చీలోంచి ఎందుకు లేచాడో అతనికే తెలీదు.

"ఏమయ్యా, ఆదివారం ఖాళీయేనా?" అంది కాంతమణి నవ్వాపుకుంటూ.

"ఖాళీయేనండీ," అన్నాడు రమణబాబు, హిమజ వైపు చూస్తూ. "ఆ పై ఆదివారం కూడా ఖాళీయేనండీ."