నీలాంబరి ఆగే చోటు

భవానీపురంలో జానకిరామ్ గారింటికి పేపరు రాగానే ఆయన మొదట తిప్పేది చావు కబుర్ల పేజీ. చేతిలో పెన్సిలు ఉంటుంది. ఫొటో కింద ఊరు చూస్తారు, వయసు చూస్తారు, చేసిన ఉద్యోగం చూస్తారు. రిటైరైన సంగీతం మాస్టారు అయితే ఒకసారి గుండ్రంగా చుడతారు, మైకు సెట్టు యజమాని అయితే రెండుసార్లు చుడతారు. చూసినవాళ్ళు, పాపం ఈయనకి ఎంతమంది స్నేహితులు పోతున్నారో అనుకుంటారు. ఆయన వెతికేది స్నేహితుల్ని కాదు, గ్రామఫోన్ రికార్డుల్ని.

నలభై ఏళ్ళుగా ఇదే పని. కరెంటాఫీసు ఉద్యోగంలో మీటరు చూడ్డానికి వెళ్ళిన ఇంట్లో కూడా ఆయన కళ్ళు అటక మీదే ఉండేవి. గన్నవరంలో ఒకరి పశువుల కొట్టంలో, గడ్డిమోపుల కింద పదకొండు రికార్డులు దొరికాయి. ఉయ్యూరులో ఒక ఇల్లాలు ఆవకాయ జాడీ మీద మూతగా వాడుకుంటున్న హరికథ రికార్డుని, కొత్త స్టీలు పళ్ళెం ఇచ్చి తెచ్చుకున్నారు. ఎంత కడిగినా దాని అట్టపెట్టె నిండా ఇప్పటికీ ఆవపిండి వాసనే, అయినా అదంటే ఆయనకి ప్రాణం. మైకు సెట్ల వాళ్ళ రికార్డులంటే మరీ ఇష్టం. పెళ్ళిళ్ళలో ఒకరివి ఒకరికి మారిపోకుండా, మధ్యలోని కాగితం మీద వాళ్ళు గోళ్ళరంగుతో పొడి అక్షరాలు రాసుకునేవాళ్ళు. ఆ ఎర్ర అక్షరాలు చూసి అది ఏ ఊరి సెట్టో ఆయన చెప్పేయగలరు.

మనిషి పోయిన ఇంటికి వెళ్ళడానికి ఆయనకో పద్ధతి ఉంది. పెద్దకర్మ అయ్యేదాకా ఆ గుమ్మం తొక్కరు. పన్నెండో రోజున డజను బత్తాయిలు పట్టుకుని వెళ్తారు. అప్పటికి ఇంట్లోవాళ్ళు సామాను సర్దుకుంటూ, పాతవి ఎవరైనా పట్టుకుపోతే చాలనుకుంటూ ఉంటారు. రెండు మంచి మాటలు చెప్పి, ఒకసారి అటక వైపు చూసి, మెల్లగా అడుగుతారు. పదకొండు రోజులు ఆగుతున్నందుకు తనంత మర్యాదస్థుడు లేడని ఆయన నమ్మకం.

ఆ రోజు ఉదయం పేపరు పని ముగించుకుని మాణిక్యం రికార్డు పెట్టుకున్నారు. క్లారినెట్ మాణిక్యం గారు తన జన్మకి ఇచ్చింది ఆ ఒక్క రికార్డే. రెండో వైపు నీలాంబరి రాగం ఉంటుంది. దానికోసం ముప్పై ఏళ్ళు తిరిగి, నెల కిందటే సంపాదించారు. ఎక్కడిదని భార్య సుధామణి అడిగితే పాత సామాన్ల కొట్లో దొరికిందన్నారు. తెచ్చిన కొత్తలో, నీలాంబరి సగానికి రాగానే ముల్లు ఇరుక్కుని ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ వాయించేది. భూతద్దం పెట్టి చూస్తే గాడిలో గట్టిపడిపోయిన నలుసు కనిపించింది. మూడు రోజులు కూర్చుని, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచిన వెదురు పుల్లతో దాన్ని ఊడదీశారు. ఇప్పుడు పాట ఎక్కడా ఆగదు.

ఫోను మోగింది. ఆయన కదల్లేదు. ఆ ఇంట్లో రికార్డు నడుస్తుండగా ముల్లు ఎత్తడం మహాపాపం. ఒకసారి భూమి అదిరి వీధి వీధంతా బయటికి పరుగెత్తితే, ఈయన పాట అయ్యాక వచ్చి ఏమైందని అడిగారు. సుధామణే వంటింట్లోంచి వచ్చి, పిండి చేత్తో స్పీకరు నొక్కింది.

పామర్రు నుంచి ఆమె అక్క పద్మావతమ్మ. ఆవిడ భర్త సూర్యప్రకాష్ గారు పోయి నెలన్నర అవుతోంది.

"సుధా, మరిదిగారున్నారా? చిన్న సాయం అడుగుదామని. ఆ మాణిక్యం గారి ప్లేటు మీ ఇంట్లోనే ఉందిగా? ఎప్పుడైనా మధ్యాహ్నం పూట, ఫోను దగ్గర పెట్టి ఒక్కసారి వినిపిస్తారేమోనని. మరేం లేదమ్మా, మూడయ్యేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండి ఏమీ తోచట్లేదు. ఆయనకి ఇబ్బందైతే వద్దులే."

సుధామణి తిరుగుతున్న రికార్డుని చూసింది, భర్తని చూసింది. "మళ్ళీ చేస్తానక్కా" అని ఫోను పెట్టేసింది.

"పాత సామాన్ల కొట్టు పామర్రులో ఉందా?" అంది.

జానకిరామ్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అడిగితే ఇచ్చారు సుధా. నేనేమన్నా లాక్కొచ్చానా?"

"ఎప్పుడు అడిగారు?"

"పెద్దకర్మ అయ్యాకే. మర్నాడు."

"పన్నెండో రోజున! నేను లోపల గిన్నెలు సర్దుతుంటే మీరు ముందుగదిలో ఈ పని పెట్టుకున్నారన్నమాట. మా అక్కక్కూడా బత్తాయిలు పట్టుకెళ్ళారా?"

పట్టుకెళ్ళారు. ఆ సంగతి చెప్పకుండా, "అన్నయ్యగారే ఎన్నోసార్లు అన్నారు, నేను పోయాక పట్టుకుపోవయ్యా అని" అన్నారు.

"హాస్యానికి అన్నారు! వెళ్ళినప్పుడల్లా మీరు దానివంకే చూస్తుంటే, మీ గోల పడలేక అన్నారు. ఆ రోజు మా అక్కని ఏమడిగినా ఇచ్చేది. తల కింద దిండు అడిగినా ఇచ్చేది."

"ఆవిడకి సంగీతం అంత పట్టదనుకున్నాను. ఎప్పుడు చూసినా వంటింట్లోనే కదా ఉండేది?"

"నేనూ వంటింట్లోనే ఉంటాను" అంది సుధామణి. "రేపు మీ తర్వాత ఎవడో పెన్సిలు పట్టుకుని నా గుమ్మంలోకీ వస్తాడు. ఏం చెప్పాలో తెలీక నేనూ అన్నీ ఇచ్చేస్తాను."

అంతే, ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. రెండు రోజులు టిఫిను బల్ల మీదికి వచ్చింది, మందులు వేళకి వచ్చాయి, మాట మాత్రం రాలేదు. మొదటి రోజు జానకిరామ్ గారికి కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు వెతికిన వస్తువు చేతికందాక ఎలా వదులుకోవడం? రెండో రోజు నీలాంబరి పెట్టుకుంటే చెవికెక్కలేదు, వంటింట్లో గిన్నెల చప్పుడే వినబడింది. మూడో రోజు పొద్దున్నే రికార్డుని పాత పంచెలో చుట్టి, "పామర్రు వెళ్దాం పద" అన్నారు. ఇవ్వడానికి మనసు ఒప్పుకోలేదు. అయితే తెచ్చినదానికన్నా బాగుచేసి ఇస్తున్నాను కదా అని చిన్న ఊరట. బస్సు ఉయ్యూరు దాటేసరికి ఆ ఊరట కాస్తా గర్వమైంది.

వాళ్ళని గుమ్మంలో చూసి పద్మావతమ్మ కంగారుపడింది. "అయ్యో, ఫోనులో వినిపిస్తే చాలన్నాను కదండీ! ఇంత ఎండలో ఎందుకొచ్చారు?"

"ఇది మీ దగ్గరే ఉండాలి వదినగారూ. నేను అడగకూడదు, అడిగాను. తప్పు నాదే."

"అంత మాటెందుకు మరిదిగారూ, ముందు కాళ్ళు కడుక్కోండి" అంది ఆవిడ.

భోజనాలయ్యాక, ప్లేయరు మీద కప్పిన తువ్వాలు తీసి రెండో వైపు పెట్టారు. సుధామణి మంచం మీద కూర్చుంది. పద్మావతమ్మ అలవాటుగా వంటింటి గడప దగ్గర పీట వేసుకుంది. కిటికీ పక్కన సూర్యప్రకాష్ గారి పడక్కుర్చీ ఉంది. అందులో ఎవరూ కూర్చోలేదు.

నీలాంబరి సగానికి వచ్చింది. పద్మావతమ్మ తలెత్తి పడక్కుర్చీ వైపు చూసింది. క్లారినెట్ ఆ చోటు దాటి ముందుకి సాగిపోయింది. ఆవిడ ఇంకా అటే చూస్తోంది.

"ఆగలేదే?"

"ఇక ఆగదు వదినగారూ! మూడు రోజులు కూర్చుని బాగుచేశాను. గాడిలో నలుసు పడింది, అంతే."

"అలాగా. మంచి పని చేశారు" అంది. ఎదుటి మనిషిని నొప్పించడం ఆవిడకి చేతకాదు. కొంగుతో మొహం తుడుచుకుని చెల్లెలితో అంది. "అక్కడ ఆగితే మీ బావగారు లేచేవారే. వేలితో ముల్లు జరిపి, ఎలాగూ లేచానుగా, కాఫీ ఇస్తావా పద్మా అంటూ వంటింట్లోకి వచ్చేవారు. ఎప్పుడు ఆగుతుందా అని నా చెవి ఇక్కడే ఉండేది. బాగుచేయించుకోకూడదా అంటే, అప్పుడు నిన్ను చూడ్డానికి ఎవడు లేస్తాడే అనేవారు."

ఆ నలుసు భవానీపురంలో ఎప్పుడో చీపురుకి పోయింది. నలభై ఏళ్ళలో జానకిరామ్ గారు ఎన్నో గుమ్మాలు ఎక్కి దిగారు. రికార్డు మీద గీతలెన్ని, అట్టపెట్టె ఉందా లేదా అని అడిగారు. ఇది పెడితే మీ ఇంట్లో ఎవరు వినేవారని ఒక్క గుమ్మంలోనూ అడగలేదు. ఆయన కళ్ళు నిండిపోయాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

లేచి, ప్లేయరు దగ్గరికి వెళ్ళి, ముల్లు కాస్త వెనక్కి పెట్టారు. పాట మళ్ళీ ఆ చోటికి వచ్చింది. రికార్డు తిరుగుతుండగానే, ఆయన వేలు పెట్టి ముల్లు ఎత్తేశారు. సుధామణి తన కళ్ళని తానే నమ్మలేనట్టు చూసింది.

"వదినగారూ, ఎలాగూ లేచాను. కాస్త కాఫీ ఇప్పిస్తారా?"

పద్మావతమ్మకి నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ఏడుస్తూనే లేచి లోపలికి వెళ్ళింది. పొయ్యి వెలిగించిన చప్పుడైంది. సుధామణి కళ్ళొత్తుకుని, "అక్కా, ఈయనకి పంచదార వెయ్యకే, సుగరు" అని కేకేసింది. మూడు రోజుల్లో ఆయన గురించి ఆమె అన్న మొదటి మాట అదే. మిగతా సగం నీలాంబరి కాఫీలయ్యాక విన్నారు.

మర్నాడు పేపరు వచ్చింది. అలవాటు కొద్దీ జానకిరామ్ గారు ఆ పేజీయే తిప్పారు. ఎవరో మైకు సెట్టు యజమాని. ఫొటో కింద ఊరు, వయసు, ఉద్యోగం, అన్నిటికన్నా అడుగున భార్య పేరు. ఇన్నేళ్ళూ ఆయన ఆ వరుస దాకా ఎప్పుడూ రాలేదు. పెన్సిలు బల్ల మీద పెట్టేసి, ఆ పేరు రెండుసార్లు చదువుకున్నారు.